చెరకులో ఎర్రకుళ్ళు తెగులు – తెగల నిర్ధారణ ఆవశ్యకత

చెరకు రైతును అప్పుల పాలు చేసే తెగుళ్ళలో ఎర్రకుళ్ళు ప్రధానమైనది. తెగులు సోకిన గడను నిలువునా చీల్చితే లోపల ఎర్రని చారలు, వాటికి అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. పులిసిన వాసన వస్తుంది. మన గోదావరి డెల్టాలో దీనిని బార్బర్ 1901లోనే గుర్తించినాడు.

రైతుకు ఇది ఒకే తెగులు. కాని దీనికి కారణమైన కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అనే శిలీంధ్రంలో పలు తెగలున్నవి. ఒక తెగకు లొంగని చెరకు రకం మరియొక తెగకు లొంగిపోవచ్చును. వీటిని వేరుపరచడానికి కో 419, కో 997, బి.ఓ. 91 మొదలైన నిర్ణీత రకాల గడలకు రంధ్రం చేసి, శిలీంధ్ర బీజాలను ప్రవేశపెట్టి, 60 దినాల తరువాత చీల్చి చూస్తారు. మచ్చ వెడల్పు ఎంత, తెగులు ఎన్ని కణుపులు దాటినది అని లెక్కిస్తారు. ఏ రకం లొంగినది, ఏది నిలిచినది అనే పట్టికయే ఆ తెగకు జాతకం. మన దేశంలో ఇట్లు గుర్తించిన తెగలకు సిఎఫ్ 01 మొదలుకొని సంఖ్యలిచ్చినారు.

కావున "ఈ రకం ఎర్రకుళ్ళును తట్టుకొంటుంది" అనే మాటను మేము అసంపూర్ణ వాక్యంగా భావిస్తున్నాము. ఏ తెగను తట్టుకొంటుందో చెప్పినప్పుడే అది పూర్తవుతుంది.

ఇందుకు ఉత్తరప్రదేశ్ అనుభవమే సాక్ష్యం. 2009లో విడుదలైన కో 0238 రకం అధిక దిగుబడితోబాటు అధిక చక్కెరనూ ఇచ్చినది. రైతులూ, మిల్లులూ లాభపడినారు. ఆ రాష్ట్రపు చెరకు విస్తీర్ణంలో అధికభాగాన్ని అదే ఆక్రమించినది. పిమ్మట సిఎఫ్ 13 అనే కొత్త తెగ తలయెత్తి ఆ రకాన్ని దెబ్బతీసినది. లోపం ఆ రకానిది మాత్రమే కాదు; ఎల్లెడలా ఒకే రకాన్ని నాటిన అత్యాశది కూడా.

మంచి దిగుబడినిచ్చే రకాన్ని విడిచిపెట్టమని పేదరైతుకు చెప్పడం న్యాయమా అని కొందరు అడుగవచ్చు. ప్రశ్న సమంజసమే. అయితే గడలోపలికి చేరిన శిలీంధ్రాన్ని మందులతో అదుపుచేయడం కష్టం. రోగగ్రస్తమైన ముచ్చెలను నాటితే తెగులు మరుసటి పంటకూ సంక్రమిస్తుంది. ఆ నష్టాన్ని చివరకు భరించేది ఆ పేదరైతే. అందువలన ఈ బాధ్యతను అతనిపైననే మోపరాదు. ఒక రకాన్ని ప్రోత్సహించిన మిల్లులే రెండు మూడు రకాల ఆరోగ్యకరమైన విత్తనపు తోటలను పెంచి, ముచ్చెలను అందించవలెను. ఏటేటా తెగులు సోకిన గడలను సేకరించి, పరీక్షించి, ఏ ప్రాంతంలో ఏ తెగ ఉన్నదో ప్రకటించవలెను.

విద్యార్థులారా! వృక్షశాస్త్రమంటే పరీక్షకు బొమ్మలు గీయడం మాత్రమే కాదు. అనకాపల్లి చెరకు పరిశోధనా కేంద్రానికి మన విద్యార్థులను ఒక్కసారి తీసుకొనిపోయి, ఈ పరీక్షలు జరిగే తీరును చూపించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.