మత్తు కాదు, మచ్చిక

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథం ఎక్కనన్నాడు. ఆ ఘట్టం తలచుకున్నప్పుడల్లా మనం ధర్మరాజునే మెచ్చుకుంటాం. నాకు మాత్రం ఈ మధ్య మరొక సంగతి తోస్తున్నది. అంతదూరం ఆ కుక్క తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చింది. నడిచే కుక్క ముక్కుతో దారిని చదువుకుంటూ పోతుంది. బండి ఎక్కించిన కుక్కకు కాళ్ళ కింద నేల కదులుతుంది, దారి అందదు, పోయేదెక్కడికో తెలియదు.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. మా మోతీని మొదటిసారి సికింద్రాబాదు నుండి విశాఖపట్నానికి రైల్లో తీసుకువెళ్ళాను. ఫస్టు ఏసీలో రెండు లేదా నాలుగు బెర్తుల గది మొత్తం మన పేరన ఉంటేనే కుక్కను దగ్గర ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలోని డాగ్ బాక్సే గతి. నేను ఆ రెండవ దారి పట్టాను. మాత్ర వేస్తే హాయిగా నిద్రపోతుందని ఎవరో అంటే, వైద్యుణ్ణి అడగకుండానే వేశాను. రాజమండ్రిలో దిగి వెళ్ళి చూస్తే మోతీ నిద్రపోవడం లేదు. లేవలేక పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఒళ్ళు వణుకుతున్నది, చొంగ కారుతున్నది. ఆ చూపు నేనింకా మరువలేదు.

ఏసిప్రోమజీన్ వంటి మత్తుమందులు ఒంటిని కట్టిపడేస్తాయి గానీ లోపలి భయాన్ని తీయవని తరువాత తెలిసింది. పైగా రక్తపోటును తగ్గిస్తాయి, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తాయి. భయాన్ని తగ్గించే మందులు వేరే ఉన్నాయి. వాటిని పశువైద్యుడే చూసి ఇవ్వాలి, ప్రయాణానికి ముందే ఇంట్లో ఒకసారి వేసి చూసుకోవాలి.

నా మటుకు నాకు, కుక్క ప్రయాణం బయలుదేరే రోజున కాదు, నెల ముందు మొదలవుతుంది. పెట్టెను ఇంట్లో తలుపు తెరిచి ఉంచాలి. అందులో పాత దుప్పటి పరచి, అన్నం అక్కడే పెట్టాలి. అది తనంత తాను వెళ్ళి పడుకున్నాక తలుపు కాసేపు మూయాలి. తరువాత ఆగి ఉన్న కారు, ఆ తరువాత వీధి చివరిదాకా ఒక తిప్పు. నిద్ర రాకుండా ఆవులించినా, ఊరికే పెదవులు నాకినా, ఎండ లేకుండా రొప్పినా అది భయమేమోనని అనుమానించి, ఆ పూటకు ఆపాలి. నిమిరితే భయం అలవాటవుతుందని కొందరంటారు, అది అపోహ. బయలుదేరే ముందు కడుపునిండా పెట్టకుండా, బాగా నడిపించి, దారిలో కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టాలి. ఎండలో మూసిన కారులో ఒక్క నిమిషమైనా వదలరాదు.

కుక్క కోసం ఇంత తతంగమా అని మీరనవచ్చు. అంత తీరిక లేకపోతే, దానికి అలవాటైన మనిషి దగ్గర ఇంట్లోనే ఉంచి వెళ్ళడం మేలు. ధర్మరాజు ఒప్పుకోకపోవచ్చు గానీ, వెంట తీసుకుపోవడమే ఎప్పుడూ ప్రేమ కాదు.

మరుసటి ఏడు మేము కారులోనే వెళ్ళాం. సూర్యాపేట దాటేసరికి మోతీ తన దుప్పటి మీద గురక పెడుతున్నది. ఈసారి మాత్ర వేయలేదు.