ఇంజను వేడిని దెలుపు ముల్లు

వేసవి వచ్చినదనగానే మనము కుండలలో నీరు నింపుదుము. మజ్జిగ చిలికి యుంచుదుము. పిల్లలను నీడపట్టున గూర్చుండబెట్టుదుము. కుటుంబమంతటిని ఎండలో మోసికొనిపోవు మోటారు బండి దాహమును మాత్రము మనలో నెక్కువమంది విచారింపము. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలము వంటి పల్లెసీమలలో సైతము నేడు కారున్న యిండ్లు అరుదు కావు. జీడికల్లు రామచంద్రస్వామి దర్శనమునకైనను, జనగామలో వైద్యునియొద్దకైనను, వరంగల్లునకో హైదరాబాదునకో పోవుటకైనను బండియే యాధారము. కావున నీ నెల ఇంజను వేడిని జూపు చిన్న పరికరమును గూర్చి వ్రాయుచున్నాము. ఇది పురుషుల పని యని పుట త్రిప్పివేయవలదని సోదరీమణులకు మా మనవి.

ఇంజనులో ఇంధనము మండగా బుట్టిన వేడిని, కూలెంటు కలిపిన నీరు గ్రహించి, రేడియేటరులో గాలికి విడిచి, మరల నింజనునకు వచ్చును. ఆ నీటి వేడి సాధారణముగా 85 మొదలు 100 డిగ్రీల వరకు నుండును. రేడియేటరు మూత యొత్తిడిని బంధించుటచే నది 100 డిగ్రీలకు మరుగదు. మన ప్రెషర్ కుక్కరులో జరుగునదియు నిదియే. లోపలి యొత్తిడి వాతావరణపు టొత్తిడికి రెట్టింపైనచో నీరు సుమారు 120 డిగ్రీలకు గాని మరుగదు.

అమెరికాలో బాయిస్ అనునాయన 1912 ప్రాంతమున రేడియేటరు మూతపై నమర్చు ఉష్ణమాపకమును వెలువరించెను. తరువాత నీ ముల్లు డ్రైవరు నెదుటి పలకపైకి వచ్చెను. ఇప్పటి చిన్న కార్లు పెక్కింటిలో ముల్లు లేదు. ఇంజను చల్లగా నున్నప్పుడు నీలి దీపమును, మితిమీరి కాగినప్పుడు ఎఱ్ఱ దీపమును మాత్రమే వెలుగును. పాలు పొంగి పొయ్యిలో బడిన పిదప వచ్చు వాసన వంటిది ఆ యెఱ్ఱ దీపము. ముల్లు అట్లుగాక, పొంగు వచ్చుచుండగనే చెప్పును.

దీనిని వేఱుగా గొని యమర్పించుకొనవచ్చును. ముల్లును, దాని సెన్సరును ఒకే జతగా గొనవలయును. జత తప్పినచో అంకె తప్పును. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మేస్త్రీ కొంత కూలెంటు దీసి, రేడియేటరు పై రబ్బరు గొట్టమును కోసి, నడుమ నొక లోహపు గొట్టము నుంచి, ఇరుప్రక్కల క్లిప్పులు బిగించి, దాని మరలో సెన్సరును దిగించును. ఒకే తీగ గల సెన్సరునకు లోహము ద్వారానే ఎర్తు దొరకవలయును. రబ్బరు నడుమ నున్న గొట్టమునకు అది దొరకదు గనుక బండి యినుప చట్టమునకు వేఱొక తీగ కలుపవలయును. కరెంటు తీగకు ఫ్యూజు తప్పదు. కంపెనీ వారుంచిన సెన్సరు తీగను కోయనీయరాదు. పిదప కూలెంటు నింపి, లోపలి గాలి పోగొట్టి, కారుటలేదని చూచుకొనవలయును. ఇటీవలి బండ్లలో ఓబీడీ సాకెట్టునకు చిన్న పరికరము దగిలించినచో, గొట్టము కోయకయే వేడి తెలియును. వారంటీ గల బండికి అదియే మేలు.

దించిన కూలెంటును పెరటిలో బోయనీయకుడు. దానిలో సాధారణముగా నుండు గ్లైకాలు తియ్యని విషము. పిల్లలును, దూడలును, కుక్కలును రుచికి లోబడి త్రాగి ప్రాణము మీదికి దెచ్చుకొందురు.

ముల్లు నిత్యము నిలుచు చోటును గుర్తుంచుకొనుడు. అది పైకి బ్రాకినచో ఏసీ నాపించి, బండిని ప్రక్కకు దీయించి, ఇంజను నాపింపుడు. ముల్లు హఠాత్తుగా పడిపోయినను సంతసింపరాదు. నీరంతయు గారిపోయి సెన్సరునకు తగులకున్నను ముల్లు క్రిందికి దిగును. అప్పటికి ఇంజను నిప్పువలె నుండును. పెంబర్తి ఇత్తడి పనివారి యిండ్ల స్త్రీలకు, లోహము వేడికి లొంగునని వేఱుగ జెప్పనక్కరలేదు. ఇంజను తలకట్టు వంగినచో నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క పూటలో పోవును.

సొమ్ము కంటె ముఖ్యమైనది యొకటి కలదు. పొగలు గ్రక్కు బండిని జూచి తొందరపడి రేడియేటరు మూత త్రిప్పినవారి ముఖమునను చేతులను మరుగు నీరు ఎగజిమ్మును. ఒత్తిడి దిగని కుక్కరు మూతను మనము త్రిప్పుదుమా? అరగంటకు దక్కువ గాకుండ ఆగి, పై గొట్టము చేతికి చల్లగా దోచిన పిమ్మటనే, మందపు గుడ్డతో మెల్లగా త్రిప్పవలయును. కాగిన యింజనుపై చన్నీరు గుమ్మరింపరాదు.

బండి నడపువారి కన్ను దారిపై నుండును. ప్రక్కన గూర్చున్న మన కన్ను ముల్లుపై నుండవచ్చును. స్వయముగా నడపు సోదరీమణులు రెంటిని జూచుట నేర్వవలయును. పొయ్యి మీది పాత్రను కనిపెట్టు నేర్పు మనకు గలదు. ఆ నేర్పే యిచ్చటను జాలును.