వీలునామా గురించి మీ కార్యాలయమే చెప్పాలి

తెలంగాణ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కమిషనర్ గారికి,

వీలునామాకు స్టాంపు పేపరు కావాలని, రిజిస్టరు చేయకపోతే చెల్లదని నమ్మి ఆ పని వాయిదా వేసేవారు ఎందరో. 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది తక్కువ: రాసినవారి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు. తెల్లకాగితం చాలు. (ముస్లింలకు నియమాలు వేరు.) రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం, దానికి గడువు లేదు. జిల్లా రిజిస్ట్రార్ వద్ద సీలు వేసిన కవరులో దాచుకునే వీలూ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ సంగతి ఎంతమందికి తెలుసు? బ్యాంకులో నామినీ పేరుంటే చాలనుకోవడం మరో పొరపాటు. షేర్ల విషయంలో కూడా నామినేషన్ వారసత్వ హక్కును మార్చదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. వీలునామా లేని హిందూ పురుషుడి స్వార్జితం తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా పోతుంది. ఒంటరి కూతురికో, తనను చూసుకున్న కోడలికో ఇల్లు ఇవ్వాలనుకున్నవారి కోరిక అక్కడే ఆగిపోతుంది.

మీ కార్యాలయాల్లో వీలునామా నమూనా పత్రాలిస్తే మోసాలు పెరుగుతాయని అభ్యంతరం రావచ్చు. ఖాళీ నమూనా ఎవరికీ హక్కు ఇవ్వదు. వివాదం వస్తే సాక్షి కోర్టులో చెప్పాల్సిందే. తనకంటే చిన్నవారిని, ఆస్తితో సంబంధం లేనివారిని సాక్షులుగా పెట్టుకోమన్న ఒక్క సూచన ఎన్నో దావాలను తగ్గిస్తుంది. చిక్కుముడులున్న ఆస్తులకు న్యాయవాది అవసరమే, కానీ ఒక ఇల్లు, కొంత డిపాజిట్ ఉన్న కుటుంబానికి ముందు కావలసింది సమాచారం. ప్రతి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈ వివరాలతో తెలుగు బోర్డు, ఉచిత నమూనా పత్రం పెట్టించండి.

ఇట్లు,
ఒక పౌరుడు