యాప్ బిగుసుకుపోతే ప్రతిసారీ ఫోన్‌నే తిట్టాలా?

"అన్నా, నీ మాట విని కొత్త ఫోన్ కొన్నా. ఇది కూడా హ్యాంగ్ అవుతోంది."

మా బాబాయి కొడుకు పెట్టిన ఈ మెసేజ్ చూసి తల పట్టుకున్నాను. వాడి పాత ఫోన్ 4 జీబీ ర్యామ్‌ది. ఒక ఫొటో ఎడిటింగ్ యాప్‌లో గ్యాలరీ స్క్రోల్ చేస్తుంటే స్క్రీన్ బిగుసుకుపోయేది. నేను ఏమీ చూడకుండానే "ర్యామ్ చాలట్లేదురా, 8 జీబీది తీసుకో" అని తేల్చేశాను. వాడు దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నాడు. అదే యాప్, అదే చోట, మళ్లీ అలాగే ఆగింది.

ఈసారి ఆ ఫోన్ తీసుకుని కూర్చున్నాను. యాప్ ఆగినప్పుడు ఫోన్ వేడెక్కట్లేదు. హోమ్‌కి వెళ్తే మిగతా యాప్‌లన్నీ బాగానే నడుస్తున్నాయి. ఏడీబీతో కంప్యూటర్‌కి కలిపి టాప్ కమాండ్ నడిపితే ఆ యాప్ సీపీయూ వాడకం దాదాపు సున్నా. ర్యామ్ చాలకపోతే సాధారణంగా సిస్టమ్ యాప్‌లను మూసేస్తుంది, మళ్లీ తెరిస్తే మొదటి నుంచి లోడ్ అవుతాయి. ఇక్కడ అది జరగట్లేదు. యాప్ బతికే ఉంది, కానీ దేనికోసమో ఎదురుచూస్తోంది.

టచ్ చేశాక 5 సెకన్లలోపు యాప్ స్పందించకపోతే ఆండ్రాయిడ్ దాన్ని ఏఎన్ఆర్‌గా లెక్కేస్తుంది. ఆ క్షణంలో ప్రతి థ్రెడ్ ఎక్కడ ఆగి ఉందో రాసిపెడుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లోంచి బగ్ రిపోర్ట్ తీసి చూస్తే సంగతి బయటపడింది. మెయిన్ థ్రెడ్ ఒక లాక్ కోసం ఆగింది, ఆ లాక్ 14వ థ్రెడ్ దగ్గరుంది. 14వ థ్రెడ్ ఇంకో లాక్ కోసం ఆగింది, అది మెయిన్ థ్రెడ్ దగ్గరుంది. రెండూ ఆగిన చోటు యాప్ వాడుతున్న ఇమేజ్ లైబ్రరీలోనే. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

హాస్టల్‌లో ఒకడి దగ్గర అడాప్టర్, ఇంకొకడి దగ్గర కేబుల్ ఉన్నాయనుకోండి. ఇద్దరి ఫోన్లలోనూ చార్జింగ్ అయిపోవచ్చింది. "నీది ఇస్తేనే నాది" అని ఇద్దరూ మొండికేస్తే ఎవడి ఫోనూ ఎక్కదు. గదిలో ఇంకో పది మంచాలు వేసినా లాభం లేదు. ర్యామ్ పెంచడం అలాంటిదే. ఫోన్ వేగం మారితే ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేసే అవకాశం పెరగొచ్చు, తగ్గొచ్చు. తప్పు మాత్రం కోడ్‌లోనే ఉంటుంది.

ఆ ట్రేస్‌లో అవసరమైన ముక్క మాత్రమే డెవలపర్లకి పంపాను. బగ్ రిపోర్ట్‌లో మన వ్యక్తిగత వివరాలు ఉంటాయి, మొత్తం ఫైల్ ఎవరికీ ఇవ్వకండి. మొదట వచ్చిన అప్‌డేట్‌లో లాక్‌కి టైమ్‌అవుట్ పెట్టారు. హ్యాంగ్ పోయింది, కానీ కొన్ని ఫొటోలు ఖాళీ గళ్లుగా మిగిలాయి. లాక్ దొరక్కపోతే పని వదిలేసి వెళ్లిపోతోంది మరి!

నా దృష్టిలో ఇది రిపేర్ కాదు, బ్యాండేజీ. అసలు రిపేర్‌కి రెండు నియమాలు చాలు. ఒకటి, లాక్‌లు ఎప్పుడూ ఒకే వరసలో తీసుకోవాలి. ముందు అడాప్టర్, తర్వాతే కేబుల్. అడాప్టర్ దొరకనివాడు కేబుల్ ముట్టుకోకూడదు. రెండు, లాక్ చేతిలో పెట్టుకుని బయటి కాల్‌బ్యాక్‌ని పిలవకూడదు. ఆ కాల్‌బ్యాక్ లోపల యాప్ ఏ లాక్ అడుగుతుందో లైబ్రరీకి తెలియదు. కావలసిన లిస్ట్ కాపీ చేసుకుని, లాక్ వదిలేసి, ఆ తర్వాతే పిలవాలి. రెండో అప్‌డేట్‌లో చేసింది ఇదే. అప్పటి నుంచి ఆ యాప్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"మా ఫోన్లలో రావట్లేదు" అనే సమాధానాన్ని కూడా నేను ఒప్పుకోను. రెండు లాక్‌ల మధ్య టెస్ట్‌లో కావాలని చిన్న స్లీప్ పెట్టి, చాలా థ్రెడ్‌లతో వేలసార్లు నడిపితే ఇలాంటి బగ్ దొరికే అవకాశం బాగా పెరుగుతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి యాప్ ఏఎన్ఆర్‌తో మూతపడితే దాని ట్రేస్‌ని తర్వాత యాప్ తానే చదువుకోవచ్చు.

ఇక మాలాంటి రివ్యూయర్ల సంగతి. ఒక్క యాప్ ఆగిందని బడ్జెట్ ఫోన్‌కి మార్కులు కోసేయడం మాకు తేలిక. దాన్ని నమ్మి డబ్బు పెట్టేది మీరు. ఇకపై హ్యాంగ్ కనిపిస్తే ఆ యాప్‌ని ఇంకో ఫోన్‌లో కూడా నడిపి, ట్రేస్ చూశాకే ఫోన్ గురించి రాస్తాను. మీరు కూడా ఎక్స్ఛేంజ్ ఆఫర్ వెతికే ముందు ఒక్కటి గమనించండి: ఆగుతున్నది ఫోన్ మొత్తమా, ఆ ఒక్క యాప్ మాత్రమేనా?

మా తమ్ముడి పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పోయింది. దాన్ని మాత్రం నేను తిరిగి తేలేను.