చూడదగిన ఊళ్లు

మెక్సికో వెళ్లివచ్చిన మిత్రుడొకరు గ్వానహ్వాతో పట్టణపు ఫోటోలు చూపిస్తూ, "మన నంద్యాల, ఆళ్లగడ్డల్లో గుళ్లు తప్ప చూడ్డానికేముందండీ?" అన్నారు. ఈ మాట ఆయనొక్కరిదే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. మన విద్యాధికుల్లో చాలామందికి చరిత్ర అంటే రంగులేసిన గోడలూ, రాళ్లు పరచిన వీధులూను.

గ్వానహ్వాతో సొగసు వెండి గనులది. ఆ వెండి తవ్విన చేతులు స్పెయిన్ దొరలవి కావు. తిరగబడిన ఇదాల్గో తలనూ, ఆయన సహచరులు ముగ్గురి తలలనూ 1811లో అక్కడి ధాన్యపు కొట్టు నాలుగు మూలలా వేలాడగట్టి, పదేళ్లుంచారు. మిత్రుని ఫోటోల్లో ఆ కొట్టూ ఉంది, చక్కని మ్యూజియంగా!

ఇక మన సంగతి. ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల ఎంతో దూరం కాదు, నేను వెళ్లాను. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారపోశాక పాలెగాండ్ర అధికారం పోయి పింఛన్లు మిగిలాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టేది నెలకు పదకొండు రూపాయల చిల్లర. 1846లో ఆయన తిరగబడింది ఆ పింఛను కోసమేనని తేల్చేసే పండితులున్నారు. సరే, రెడ్డికి పింఛను. వెంట నడిచిన వాళ్లకో? ఊరి కావలికిచ్చిన మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడివాళ్లకూ, వడ్డె ఓబన్న వంటి సామాన్యులకూ ఏ పింఛనుంది? కోయిలకుంట్ల ఖజానా మీద పడింది ఆ జనమే. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీశారు. తలను కోయిలకుంట్ల కోటలో 1877 దాకా వేలాడదీశారు. ముప్ఫయ్యేళ్లు! స్పెయిన్ వాడు పాపం పదేళ్లతో తృప్తిపడ్డాడు.

ఆ 1877 ధాత కరువు కాలం. అప్పటికే ఈ సీమలో కర్నూలు-కడప కాలువ ఉంది. దాన్ని తవ్వించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెట్టుబడికి నూటికి ఐదు వడ్డీ సర్కారే హామీ పడింది. అంటే వాటాదారుకు కరువు లేదు. 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. ఇది వలసపాలన కట్టడం కాదా? కాకపోతే దానికి వరండాలు లేవు, ఫోటోకు పనికిరాదు.

2019లో సినిమా వచ్చి రెడ్డి పేరు దేశమంతా మోగింది. సంతోషమే. కాని కత్తి తిప్పడం చూసినంతగా కట్టుబడి మాన్యం సంగతి ఎవరూ అడగరు. ఆళ్లగడ్డ శిల్పులు దేవుళ్లనూ నాయకులనూ చెక్కుతున్నారు; ఒక ఊరి కావలివాణ్ణి చెక్కమన్న వాళ్లెవరూ నాకు తగల్లేదు.

ఉపాధ్యాయ మిత్రులు ఏటా పిల్లల్ని బస్సెక్కించి అహోబిలం తీసుకెళుతున్నారు. వెళ్లనివ్వండి. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే కోయిలకుంట్ల కూడా ఉంది. ఆ బస్సును ఒక్కపూట అక్కడ ఆపమని అడుగుతున్నాను.