ఐదో రోజూ జ్వరమేనా? గుండె సంగతి అడగండి

మీది మౌలాలి హౌసింగ్‌ బోర్డు కాలనీ అనుకుందాం. మూడేళ్ల బాబుకి సోమవారం జ్వరం వచ్చింది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్‌ సిరప్‌ పోశారు. మంగళవారం వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్తే ‘వైరల్‌’ అన్నారు. గురువారానికి ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు. ‘తట్టు పోసినట్టుంది’ అంటూ నానమ్మ వేపాకు తెప్పించింది. శుక్రవారం ఈసీఐఎల్‌ చౌరస్తాలో ఇంకో డాక్టరు. యాంటీబయాటిక్‌ మారింది, డెంగీ పరీక్ష జరిగింది. శనివారం నాచారంలో ఉండే బావమరిది ‘మా డాక్టరు హస్తవాసి మంచిది’ అంటే బండి అటు తిప్పారు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. వైరల్‌ జ్వరాలు, డెంగీ, టైఫాయిడ్‌ తిరిగే మన ఊళ్లో ముందు వాటినే అనుమానించడం సబబే. కానీ ఒక్కటి గమనించండి. ముగ్గురు డాక్టర్లూ ఆ జ్వరాన్ని తలా ఒక్క రోజే చూశారు. వారమంతా చూసింది మీరే. ఆ లెక్క మీ దగ్గర లేకపోతే కవాసాకి జబ్బు చేజారిపోవచ్చు.

1961లో టోక్యోలో తొమిసాకు కవాసాకి అనే పిల్లల డాక్టరు నాలుగేళ్ల బాబులో వింత లక్షణాలు చూశారు. అలాంటి 50 మంది పిల్లల వివరాలు చేర్చి 1967లో ప్రచురించారు. జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లల్లో కనిపిస్తుంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. శరీరంలోని రక్తనాళాల గోడలు వాస్తాయి. అందులో గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులూ ఉంటాయి. చికిత్స అందకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి ఆ ధమనులు దెబ్బతిని, బుడగలా ఉబ్బవచ్చు. అక్కడ రక్తం గడ్డకడితే చిన్న వయసులోనే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

అసలు మోసం ఎక్కడంటే...

చికిత్స లేకపోయినా కవాసాకి జ్వరం కొన్నాళ్లకు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు వాడుతున్న యాంటీబయాటిక్‌కే ఆ పేరు దక్కుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. గుండె దగ్గర జరిగిన నష్టం మాత్రం బయటికి కనపడదు.

లక్షణాలు కూడా అన్నీ ఒక్కసారే రావు. ఒకటి వచ్చి పోయాక ఇంకోటి రావచ్చు. కళ్లు రెండూ ఎర్రబడతాయి, కానీ పుసి ఉండదు. పెదవులు ఎర్రబడి పగులుతాయి, నాలుక స్ట్రాబెర్రీలా ఎర్రగా గరుకు తేలుతుంది. ఒంటిపై దద్దుర్లు వస్తాయి. అరచేతులు, పాదాలు వాస్తాయి. మెడలో ఒకవైపు బిళ్ల కడుతుంది. జ్వరం ఐదు రోజులు దాటి, ఈ ఐదింటిలో నాలుగుంటే కవాసాకిగా నిర్ధారిస్తారు. కొందరిలో రెండు మూడే ఉంటాయి. పసిపిల్లల్లో అవీ స్పష్టంగా ఉండవు. ఆరు నెలల్లోపు బిడ్డకు కారణం తెలియని జ్వరం వారం దాటితే తప్పక ఆలోచించాలి. మన పిల్లలకు ఇంకో గుర్తుంది. చేతికి వేసిన బీసీజీ టీకా మచ్చ మళ్లీ ఎర్రగా పొంగితే వెంటనే డాక్టరుకు చూపించండి. వేళ్ల చివర్లు పొట్టు రాలేది సాధారణంగా రెండు, మూడు వారాల్లో. దాని కోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది.

జ్వరం అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘ప్లేట్‌లెట్లు ఎన్ని?’ డెంగీలో అవి పడిపోతాయి కాబట్టి, బాగా ఉన్నాయంటే సంతోషిస్తాం. కవాసాకిలో రెండో వారానికి అవి తరచూ మామూలు కంటే బాగా పెరుగుతాయి. అంటే మనకు ధైర్యమిచ్చే అంకే ఇక్కడ హెచ్చరిక కావచ్చు. ఈ జబ్బును ఒక్కటే పరీక్షతో తేల్చలేరు. లక్షణాలు, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్‌ వంటి రక్తపరీక్షలు, గుండెకు ఎకో కలిపి చూస్తారు. మొదటి ఎకో మామూలుగా ఉన్నంత మాత్రాన కవాసాకి కాదని కొట్టేయలేం.

పది రోజుల గడువు

చికిత్స ఉంది. దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలను, అంటే ఐవీఐజీని, సెలైన్‌లా గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తారు. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇస్తే ధమనులు ఉబ్బే ముప్పు నూటికి నలుగురైదుగురికి తగ్గుతుంది. పది రోజులు దాటినా జ్వరం, వాపు కొనసాగుతుంటే ఇస్తారు. కాబట్టి ఆలస్యమైందని వదిలేయకండి. కొందరికి మొదటి మోతాదు సరిపోదు, అదనపు చికిత్స కావాలి.

ఖరీదు మాత్రం ఎక్కువే. మోతాదు కిలో బరువుకు 2 గ్రాములు. 12 కిలోల బిడ్డకు 24 గ్రాములు కావాలి. మధ్యతరగతి ఇంటికి అది బరువే. ‘రెండ్రోజులు చూద్దాం’ అనిపించేదీ అక్కడే. కానీ ఆ రెండ్రోజులే కీలకం. ఇన్సూరెన్సు కాగితాలు బయటికి తీయండి. ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి నిలోఫర్‌లోనూ అడగండి.

ఆస్పిరిన్‌ కూడా ఇస్తారు. అది డాక్టరు చెబితేనే. మామూలు జ్వరాలకు పిల్లలకు ఆస్పిరిన్‌ ప్రమాదం. ఐవీఐజీ తర్వాత ఎంఎంఆర్‌, చికెన్‌పాక్స్‌ టీకాలు 11 నెలలు వాయిదా వేయాలి. జ్వరం తగ్గినా ఎకోలు మానకండి.

డాక్టర్లకు నాదొక మనవి. పిల్లల జ్వరానికి మందు రాసే ప్రతి చీటీ పైనా ‘జ్వరం ఎన్నో రోజు’ అని రాయండి. మీ తర్వాత చూసే డాక్టరుకు ఆ ఒక్క మాట ఎంతో పని చేస్తుంది.

తల్లిదండ్రులకు చెప్పేది ఇంకా సులువు. పాల లెక్క రాసే గోడ కేలెండర్‌ ఉంది కదా, జ్వరం వచ్చిన మొదటి రోజే దాని మీద గుర్తు పెట్టండి. ఏ రోజు ఎంత జ్వరం, కళ్లు ఎప్పుడు ఎర్రబడ్డాయి, దద్దుర్లు ఎప్పుడొచ్చాయి రాయండి. ఫోన్‌లో ఫొటోలు తీయండి. డాక్టరు మారినా ఆ లెక్క మీతోనే తీసుకెళ్లండి. ఐదో రోజూ జ్వరం ఉంటే మొహమాటపడకుండా అడగండి: ‘డాక్టరు గారూ, ఇది కవాసాకి కావచ్చా?’ కాదంటే మంచిదే. అవునంటే, ఇంకా సమయం మీ చేతిలోనే ఉంటుంది.