జెర్సీ మనది, జట్టు ఎవడిది?

ఈసారి వరి గురించి కాదు, బంతి గురించి. తిట్టుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

"డబ్బున్నోడు చెయ్యేస్తేనే ఆట బతుకుద్ది" అని మన కుర్రాళ్లు ఈమధ్య ఒకటే మాట. వాళ్లకి హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చెప్పాలి.

పుణె ఫుట్‌బాల్ జట్టు ఒకటి డబ్బు ఇబ్బందుల్లో పడి మూతపడితే, ఐఎస్‌ఎల్‌లో దాని చోటు తీసుకుని 2019 ఆగస్టులో హైదరాబాద్ పేరు పెట్టారు. అంటే పుట్టడమే ఇంకోడి ఖాళీలో పుట్టింది. ఆడేది గచ్చిబౌలి జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో. బాలయోగి గారంటే మన కోనసీమ మనిషి, లోక్‌సభ స్పీకర్ చేసినాయన. మొదటి ఏడు 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి 2, అట్టడుగు. తర్వాత స్పెయిన్ నుంచి మార్కెజ్ అనే కోచ్ వచ్చాడు, జట్టు రూపే మారిపోయింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ మీద వెనకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో సమం చేసి, పెనాల్టీల్లో 3-1తో కప్పు కొట్టారు. ఆ రాత్రి ఫోన్లో చూసి నేనూ ఎగిరాను, అబద్ధం ఎందుకు.

ఆ తర్వాత ఏమైంది? 2023-24లో ఆటగాళ్లకి జీతాల్లేవు. కొత్తోళ్లని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. పేరున్నోళ్లు వెళ్లిపోయారు, కుర్రాళ్లని దింపి ఆడించారు, మళ్లీ అట్టడుగు. 2024లో కొత్త యజమాని వచ్చాడు, 2025లో జట్టుని ఢిల్లీ తీసుకుపోయి పేరే మార్చేశాడు. కప్పు కొట్టి నాలుగేళ్లు నిండకుండానే జట్టు ఊళ్లో లేదు. పసుపు జెర్సీలు కొనుక్కున్నోళ్లని ఒక్క మాట అడిగారా? ఎందుకు అడుగుతారు, వాళ్లకేం వాటా ఉంది గనక.

మనకిది కొత్త కాదు కదండీ. బయటోడు వచ్చి వరిచేలు లీజుకి తీసుకుని చెరువులు తవ్వుతాడు. రెండు పంటలు బాగా వస్తాయి, ఊరంతా మోటారుసైకిళ్లు. రొయ్యకి రేటు పడ్డాక ఆయన కారెక్కి పోతాడు. ఉప్పుపట్టిన నేలా, గట్లు లేని చేలూ మనకి మిగుల్తాయి.

అదే హైదరాబాద్‌లో ఇంకో జట్టు ఉండేది. సిటీ పోలీస్ జట్టు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు వాళ్లదే. కాలి వాటం సరిదిద్దడానికి, బలహీనమైన కాలితోనే ఆడాలని కుర్రాళ్లకి పోటీలు పెట్టేవాడాయన. ఆయన శిక్షణలోనే ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963లో క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఆటగాళ్లకి కోట్లు లేవు, నెలనెలా పోలీసు జీతం ఉంది. ఆ తిండి భరోసా చిన్నదేం కాదు.

డబ్బు వద్దని నేననట్లేదు. డబ్బు లేకపోతే బంతి కూడా రాదు. పెత్తనం ఎవరిదన్నదే నా గొడవ. 1899లో పుట్టిన బార్సిలోనా క్లబ్బుకి ఇప్పటికీ సభ్యులే యజమానులు, అధ్యక్షుణ్ణి ఓట్లేసి ఎన్నుకుంటారు. జర్మనీలో సగానికి మించి ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలని నియమం, ఒకటీ అరా మినహాయింపులున్నాయి. మన సొసైటీల లెక్కే. (మన సొసైటీలు ఎలా నడుస్తున్నాయో నాకు చెప్పక్కర్లేదు, తెలుసు. అయినా మీటింగులో లేచి అడిగే హక్కైతే ఉంది.)

ఇంతకీ ఇదంతా ఎందుకంటే, మన ఊరి వాలీబాల్ జట్టుకి లైట్లు, నెట్లు, డ్రెస్సులు ఇస్తానని ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. సంతోషం. కానీ జట్టుకి ఆయన పేరుండాలట, ఎవరు ఆడాలో ఆయనే చెబుతాడట, హైస్కూలు గ్రౌండు ఐదేళ్లు ఆయన చేతిలో ఉండాలట. రేపు ఆయనకి విసుగొస్తే మన పిల్లలు ఎక్కడ ఆడతారు? చందా ఇస్తే తీసుకుందాం, సంక్రాంతికి ఫ్లెక్సీ కూడా కట్టిద్దాం. జట్టు మాత్రం ఊరి పేరునే ఉండాలి. ఇంటికో వంద వేసి సంఘం పెడదాం, లెక్కలు పంచాయితీ బోర్డు మీద రాద్దాం. ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు దగ్గర ఆ కాగితం మీద సంతకాలంట. పెట్టేముందు ఒక్కసారి చదవమని అడగండి, నేనూ వస్తున్నాను.